పడమర హద్దు: బంద గట్టు

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి ఎదురుగా ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని దస్తావేజులు రాయడం నా జీవనాధారం. విశాఖపట్నంలో మధురవాడ దాటాక కొండల అంచున ఉన్న మా ఊళ్లోనే పుట్టాను. పాతికేళ్లకు పైగా క్రయ దస్తావేజులు, పంపకాలు, దఖలు పత్రాలు, తనఖాలు రాస్తున్నాను. 2023 ఫిబ్రవరిలో మా ఊరి కుర్రవాడొకడు, తండ్రి పోయిన తర్వాత ఇంటిస్థలాన్ని తమ్ముడితో పంచుకుంటూ పంపకాల దస్తావేజు రాయించుకోవడానికి వచ్చి, నాలుగు హద్దులూ రాసి ఉన్న చిన్న చీటీ నా చేతికిచ్చాడు. అందులో పడమర హద్దు ‘ప్రభుత్వ ఖాళీ స్థలం’ అని ఉంది. ఆ స్థలం వాళ్ల నాన్న కొన్నప్పుడు దస్తావేజు రాసింది నేనే. పడమర ‘బంద గట్టు’ అని రాసిన గుర్తు. మా వైపు చిన్న చెరువును బంద అంటాం. సంచిలోంచి పాత కాగితం తీయించి చూస్తే అలాగే ఉంది.

“ఈ హద్దు మార్చమని ఎవరు చెప్పారు బాబూ?” అని అడిగాను.

“అలాగే రాయించుకోమన్నారు మావయ్యా. అక్కడ బిల్డింగు వస్తాదంట. బంద అని ఉంటే రేపు మనకే ఇబ్బందంట” అన్నాడు.

చీటీ రాసిచ్చిన మనిషి మా ప్రాంతపు రాజకీయ నాయకుడొకరి వెంట తిరిగేవాడు. దస్తావేజును పాత హద్దుతోనే రాసి పంపించాను. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా బంద దగ్గరికి వెళ్లి గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. రోడ్డు వైపు మూలలో అప్పటికే పది ట్రాక్టర్ల శిథిలాలు, ఇటుక ముక్కలు పోసి ఉన్నాయి. అవి ఎప్పుడు వచ్చి పడ్డాయో, రోజూ ఆ దారినే పోయే నేను చూడలేదు.

మా వైపు చిన్న చెరువును బంద అంటాం. కంబాలకొండ వరుసలోని కొండల మీద పడిన వాన మా ఊరి పైనున్న గెడ్డలోకి, గెడ్డలోంచి బందలోకి, బంద నిండిన తర్వాత అలుగు మీదుగా పల్లపు పొలాల్లోకి పోయేది. ఆ పొలాలు ఇప్పుడు లేవు, వాటి స్థానంలో లేఅవుట్లు వచ్చాయి. నీళ్లు మాత్రం పాత దారినే వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజున గెడ్డ ఉరవడి అంతా బందలో ఆగింది కాబట్టే పల్లపు వీధి ఇళ్లలోకి నీళ్లు రాలేదని ఆ వీధివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. బంద తూర్పు గట్టులో మదుము ఉంది. నల్లరాతి కంబాలు రెండు, వాటి మీద అడ్డంగా ఒక పలక, పలక మధ్యలో పిడికిలి పట్టేంత గుండ్రటి రంధ్రం. నీళ్లు వదలడానికీ ఆపడానికీ కర్రను పైకీ కిందికీ లాగీ లాగీ ఆ రంధ్రం అంచు అద్దంలా నునుపెక్కింది. కర్ర పోయి చాలా ఏళ్లయింది. చిన్నప్పుడు ఆ రంధ్రానికి చెవి ఆనించి, లోపల తూములో నీళ్లు చేసే చప్పుడు వినేవాళ్లం.

మన నగరంలో ఎర్రమట్టి దిబ్బలను భూవారసత్వ స్థలంగా భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించింది. తొట్లకొండకు బౌద్ధ చరిత్ర ఉంది. వాటికి ముప్పు వచ్చిన ప్రతిసారీ నగరమంతా గొంతు కలుపుతుంది, కలపాలి కూడా. మా బందకు చరిత్ర లేదు, ప్రత్యేకంగా ఒక పేరు కూడా లేదు. ఊళ్లో అందరూ ‘బంద’ అనే అంటారు. అలాంటి భూములే పట్టణాల్లో నిశ్శబ్దంగా పోతాయి. ఆ పని బుల్‌డోజరుతో మొదలవదనీ, ఏదో ఒక కాగితంలో ఒక మాట మారడంతో మొదలవుతుందనీ నా వృత్తి వల్ల నాకు తెలుసు.

మొదట సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. మాది పూర్వం జమీందారీ గ్రామం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగి, ఏ నంబరు రైతుదో ఏది పోరంబోకో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో నమోదైంది. కాబట్టి ఆ అడంగల్ నకలు, బంద సర్వే నంబరుకు సంబంధించిన కొలతల పటమైన ఎఫ్‌ఎంబీ, గ్రామ పటం, ఆ భూమిపై నడుస్తున్న ప్రతిపాదన ఏదైనా ఉంటే దాని నోట్ ఫైలుతో సహా అడిగాను. ‘ఆ చెరువు గురించి వివరాలు తెలుపగలరు’ అని రాస్తే ‘వివరాలు లేవు’ అని జవాబు వస్తుంది. కాగితం పేరు పెట్టి అడగాలి.

ఇరవై తొమ్మిదో రోజున సమాధానం వచ్చింది. కోరిన రికార్డు తుఫానులో పాడైనందున అందుబాటులో లేదన్నారు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, నేనూ రెండు రోజులు ఏం చేయాలో తోచక కూర్చున్నాను. తర్వాత మొదటి అప్పీలు రాశాను. తుఫానులో పాడైన రికార్డుల జాబితా ఏ తేదీన తయారైంది, ఎవరు ధ్రువీకరించారు, పై అధికారికి ఏ లేఖ ద్వారా తెలియజేశారు, ఆ జాబితాలో ఈ సర్వే నంబరు కాగితం ఎన్నో వరుసలో ఉంది అన్న నాలుగు ప్రశ్నలే అందులో ఉన్నాయి. భూరికార్డుల తారుమారుపై 2017లో ఒకసారి, 2019లో మరోసారి ప్రత్యేక దర్యాప్తు బృందాలు వేయాల్సి వచ్చిన జిల్లా మనది. అందువల్ల రికార్డు పోయిందన్న మాటను నోటి మాటగా వదిలేయకూడదు. అది పోయిందని చెప్పే కాగితం కూడా అడగాలి. నెల తిరగకుండా అడంగల్ నకలు దొరికింది. అందులో బంద విస్తీర్ణం 4 ఎకరాల 62 సెంట్లు, వర్గీకరణ చెరువు పోరంబోకు. దానితో పాటు ప్రతిపాదన ఫైలు నకళ్లూ వచ్చాయి.

రోడ్డు వైపు దుకాణాలతో ఒక బహుళ ప్రయోజన భవనం కట్టేందుకు బందలో సగానికి పైగా భూమిని ఒక సంస్థకు ఇవ్వాలన్నది ప్రతిపాదన. సంస్థ బాధ్యుల పేర్లు చూస్తే అందరూ ఆ నాయకుడి మనుషులే. ఫైలులో రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘సదరు భూమి చెరువు స్వభావం కోల్పోయి నిరుపయోగంగా ఉన్నందున కేటాయింపునకు అభ్యంతరం లేదు.’ మిగిలిన ఇరవై పేజీలూ ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉన్నాయి. అది నిలిస్తే బంద పోతుంది, అది తప్పని తేలితే ప్రతిపాదన పోతుంది. ఆ తర్వాత రెండేళ్లు నేను చేసిన పనంతా ఆ వాక్యానికి జవాబు చెప్పడమే.

ఎఫ్‌ఎంబీ నకలు మాత్రం మసకగా వచ్చింది. కొలతలు లింకుల్లో ఉన్నాయి. గొలుసు 66 అడుగులు, గొలుసుకు 100 లింకులు. ఉత్తరం వైపు రెండు అంకెలు అసలు కనబడలేదు. అవి లేకపోతే బంద ఆకారం మూసుకోదు. ఆ రాత్రి ఆ కాగితాన్ని బల్బు కింద పెట్టి చూస్తుండగా, నేను చేసే పనిలోనే ఉన్న మార్గం తట్టింది. ప్రభుత్వ భూమికి దస్తావేజు ఉండదు, దాన్ని ఎవరూ కొనలేదు, అమ్మలేదు. కానీ దాని చుట్టూ ఉన్న ప్రతి స్థలానికీ దస్తావేజు ఉంది, ప్రతి దస్తావేజులోనూ నాలుగు హద్దులున్నాయి, బంద వైపున్న హద్దులో బంద పేరు ఉండి తీరాలి. తనకంటూ ఒక్క కాగితం లేని ఆ భూమి ఇరుగుపొరుగు వాళ్ల కాగితాలన్నిటిలోనూ ఉంది.

అప్పటినుంచి ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగాను. దస్తావేజు చూపించమంటే ఎవరైనా అనుమానిస్తారు. బంద హద్దు కోసమని చెబితే కొందరు తలుపు వేసుకున్నారు, కొందరు టీ ఇచ్చి కూర్చోబెట్టారు. పల్లపు వీధి చివరనున్న మామ్మగారు ట్రంకుపెట్టె తెరిచి, పట్టుచీర మడతల మధ్యనుంచి ఎండిన వేపాకుల వాసన వేసే ఒక కట్ట తీశారు. మడత పెట్టిన చోటల్లా కాగితం చిరిగి, వెనక పాత క్యాలెండరు ముక్కలు అంటించి ఉంది. 1958 నాటి క్రయ దస్తావేజు. రాసిన లేఖరి ఎవరో గాని చేతిరాత ముత్యాల్లా ఉంది: ‘పడమర, ఊరుమ్మడి బంద తూర్పు గట్టు, గట్టు మీది మదుముకు దక్షిణంగా 3 గజముల దూరమున పాతిన రాయి.’ ఊరుమ్మడి అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మా వృత్తివాడొకడు, అరవై అయిదేళ్ల కింద, ఎవరూ అడగకుండానే ఆ మాట రాసి పెట్టాడు.

“మా మావ కొన్న కాయితం బాబూ ఇది. అక్కరకొత్తే అట్టుకెళ్లు. మళ్లీ తెచ్చి నా సేతికే ఇయ్యాల” అన్నారు మామ్మగారు. మర్నాడే నకలు తీయించి, అసలు కాగితం ఆమె చేతికే ఇచ్చాను. పెట్టెలో పెట్టుకునే ముందు పేజీలు లెక్కపెట్టుకున్నారు.

నాలుగు నెలల్లో పదకొండు దస్తావేజులు పోగయ్యాయి. మొదటిది 1958ది, చివరిది 1996ది. అయిదు దస్తావేజుల అసలు కాగితాలు దొరక్క, ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ తీసి, నంబరు పట్టుకుని ధ్రువీకృత నకళ్లు తీయించాల్సి వచ్చింది. గ్రామ పటాన్ని పెద్దది చేయించి, ఒక్కొక్క దస్తావేజు హద్దునూ పెన్సిలుతో గీసుకుంటూ వచ్చాను. తూర్పున ఆరు, దక్షిణాన మూడు, ఉత్తరాన రెండు. పడమర గెడ్డ పోరంబోకు కాబట్టి అక్కడ దస్తావేజు ఉండదు, గ్రామ పటమే ఆధారం. ఉత్తరం వైపు రెండు హద్దులూ గీసేసరికి ఎఫ్‌ఎంబీలో కనబడని రెండు అంకెలూ తేలి, గీత వెళ్లి గీతను కలుసుకుంది. ఆ క్షణాన నాకు కలిగిన ధైర్యం వేరే ఏ సందర్భంలోనూ కలగలేదు.

చట్టం విషయంలో హైకోర్టులో ప్రాక్టీసు చేసే మా దూరపు బంధువైన న్యాయవాది దారి చూపించారు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం రెండో సెక్షనే చెరువులు, వాగులు, దారులు ప్రభుత్వానివని చెబుతోంది. ఆక్రమించినవాళ్లకు ఏడో సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, వివరణ విని, ఆరో సెక్షన్ కింద ఖాళీ చేయిస్తారు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్ల కన్నా చిన్న చెరువుల హద్దు నుంచి 9 మీటర్ల వరకు నిర్మాణం కూడదు. వీటన్నిటికన్నా మాకు పనికొచ్చినవి సుప్రీంకోర్టు తీర్పులు రెండు. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో కోర్టు, అడవులు, చెరువులు, గుట్టలు సమాజపు ఉమ్మడి వనరులనీ, వాటి రక్షణ 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమనీ చెప్పింది. చెరువు వాడుక తప్పుతోందని గమనించిన అధికారులు దాన్ని బాగుచేయడంపై దృష్టి పెట్టి ఉండాల్సిందని కూడా అంది. మా ఫైలులోని ‘నిరుపయోగం’ అన్న మాటకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో, పంజాబు గ్రామమొకదానిలో పూడ్చేసిన చెరువు గురించి తీర్పు చెబుతూ, ఎంతకాలంగా ఆక్రమణలో ఉన్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా, రాజకీయ సంబంధాలు ఎలాంటివైనా అవి ఆక్రమణను మన్నించడానికి కారణాలు కాకూడదని చెప్పి, గ్రామ ఉమ్మడి భూములను తిరిగి అప్పగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

న్యాయవాది మరో మాట కూడా చెప్పారు. నేరుగా కోర్టుకు వెళితే ముందుగా అధికారికి విన్నవించుకున్నారా అని అడుగుతారు కాబట్టి, విన్నపం, దాని రసీదు, దాని మీద చర్య లేకపోవడం, ఈ మూడూ చేతిలో ఉన్నాకే రిట్ గురించి ఆలోచించాలన్నారు. అందువల్ల సోమవారం అర్జీకే సిద్ధమయ్యాం. కలెక్టరేటులో సోమవారం తీసుకునే అర్జీల కార్యక్రమం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వస్తోంది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు దాన్ని జనం స్పందన అనేవారు. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శిగా పనిచేసి విశాఖలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మగారు ప్రభుత్వ భూముల గురించి ప్రభుత్వాలకు రాసే లేఖల సంగతి ఏళ్లుగా పత్రికల్లో చదువుతున్నాను. ఆగ్రహం కన్నా నిబంధనను ముందు పెట్టే ఆ పద్ధతినే నేనూ పాటించాను. అర్జీ ఒక్క పేజీ. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరినీ నిందించలేదు. పదకొండు దస్తావేజుల సాక్షిగా బంద హద్దులు ఇవీ అని చెప్పి, మూడే మూడు కోరాం: హద్దుదారుల సమక్షంలో సర్వే చేయించాలి, చెరువు స్వభావం కోల్పోయిందన్న వాక్యాన్ని పునఃపరిశీలించాలి, ఆ సర్వే నంబరును నిషేధిత భూముల జాబితాలో చేర్చాలి.

మూడో కోరిక నా వృత్తి నుంచి వచ్చింది. రిజిస్ట్రేషన్ చట్టంలో మన రాష్ట్రం 2007లో చేర్చిన 22-ఎ సెక్షన్ కింద, నిషేధిత జాబితాలో ఉన్న ప్రభుత్వ భూమికి దస్తావేజు రిజిస్టరు కాదు. రోజుకు పదిసార్లు ఇతరుల కోసం ఆ జాబితా చూసే నేను, మా ఊరి బంద అందులో ఉందో లేదో ఏనాడూ చూడలేదు. చూస్తే, లేదు.

ఈ మధ్యలో ఊళ్లో పరిస్థితి తేలికగా లేదు. ఒక మధ్యాహ్నం నాయకుడే మనిషిని పంపి పిలిపించుకున్నారు. మర్యాదగానే మాట్లాడారు. “గురువుగారూ, ఊరికి మంచి జరుగుతుంటే మీరెందుకు అడ్డం? ముందువరసలో మీకూ ఒక షాపు ఉంటుంది” అన్నారు. నాకు షాపు వద్దని, బంద కావాలని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత వారం నుంచి నా బల్ల దగ్గరికి వచ్చే జనం తగ్గారు. వచ్చేవాళ్లను దారిలోనే ఆపి వేరేచోటికి పంపుతున్నారని తర్వాత తెలిసింది. ఆ ఏడాది దసరాకు ఇంట్లో కొత్త బట్టలు కొనలేదు. నా భార్య ఒక్క మాట అనలేదు, పైగా ఆదివారాలు నాతోపాటు ఇళ్లకు వచ్చి ఆడవాళ్లతో తానే మాట్లాడేది.

నాయకుడి ఒత్తిడి కన్నా మా వాళ్ల మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. రామాలయం అరుగు మీద కూర్చున్నప్పుడు ఒకాయన, ఊళ్లో పెళ్లి చేయాలంటే హాలు లేదు, కల్యాణ మండపాలకు లక్షలు పోయాలి, వచ్చే భవనాన్ని ఎందుకు ఆపుతావని అడిగారు. ఆ అవసరం నిజమే, దాన్ని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. హాలు కావాలని ఊరు అడగడం న్యాయమనీ, దాన్ని వాడుక లేకుండా పడి ఉన్న పాత ప్రభుత్వ భవనం చోట అడుగుదామనీ, నీళ్లు ఆగే చోట మాత్రం అడగొద్దనీ అన్నాను. ఆ అర్జీ కూడా నేనే రాసిచ్చాను. అరుగు మీద కూర్చున్నవాళ్లలో సగం మంది అప్పుడు మా వైపు వచ్చారు.

2023 డిసెంబరులో సర్వే జరిగింది. సర్వేయరు ఉపగ్రహ సంకేతాలతో హద్దు చూపే రోవర్ పరికరంతో వచ్చారు. హద్దుదారులందరికీ ముందుగా నోటీసులందాయి. నాయకుడి మనుషులు ఇరవై మంది దాకా వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు. పరికరం చూపించిన చోటు, మామ్మగారి దస్తావేజులోని మదుముకు దక్షిణంగా మూడు గజాలు, సరిగ్గా శిథిలాల కుప్ప అంచున పడింది. పలుగు, పార తెచ్చి తవ్వారు. మోకాలి లోతున సిమెంటు పెళ్లల కింద రాయి తల కనబడింది. సర్వేయరు దాని మీది మట్టిని చేత్తో తుడిచారు. చెక్కిన గుర్తు అరిగిపోయినా బాణం మొన ఇంకా తెలుస్తోంది. రోడ్డు మీద మాటలు ఆగిపోయాయి. మామ్మగారు మనవడి భుజం పట్టుకుని వచ్చి, రాయిని చూసి, “మా మావ దీని మీదే గొడ్డలి నూరీవోడు” అన్నారు.

లెక్క తేలేసరికి 4 ఎకరాల 62 సెంట్లలో 71 సెంట్లు అప్పటికే ఆక్రమణలో ఉంది. అందులో ఎక్కువ భాగం ఒక ప్రహరీ గోడ లోపల ఉంది. మిగిలిన కొద్దిపాటి చోట, పడమర గెడ్డ ఒడ్డున, నాలుగు రేకుల ఇళ్లు ఉన్నాయి. భవన నిర్మాణ కూలీల కుటుంబాలవి. అంతవరకు మాట్లాడని నాయకుడి మనుషులు ఇప్పుడు పేదల ఇళ్లు కూల్చేస్తారా అని గొంతెత్తారు. ఈ మాట ప్రతిచోటా వస్తుంది. పెద్ద గోడను కాపాడటానికి చిన్న గుడిసెను ముందు నిలబెడతారు. అయితే ఆ నాలుగు కుటుంబాలు ఆ వాదనలో పావులు కాకూడదని నాకు గట్టిగా అనిపించింది. జగ్‌పాల్ సింగ్ తీర్పు కూడా భూమిలేని కూలీలు, దళితులు, గిరిజనుల వంటివారికి ప్రభుత్వం ఇచ్చిన చోట మినహాయింపుకు అవకాశం ఉంచింది. ఈ ఇళ్లవాళ్లకు అలాంటి పత్రమేదీ లేకపోయినా, ఆ తీర్పులోని దయ మాకు దారి చూపింది. వాళ్లకు వేరేచోట ఇంటిపట్టా ఇచ్చిన తర్వాతే అక్కడినుంచి తరలించాలని విడిగా అర్జీ రాసి, నలుగురి ఆధార్, రేషన్ కార్డు నకళ్లు జత చేసి ఇచ్చాను. బంద కోసం నాతో నడిచినవాళ్లలో ఇద్దరికి ఇది నచ్చలేదు. ఆక్రమణ ఆక్రమణేనన్నారు. ఆ విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

2024 జనవరిలో ప్రతిపాదన వెనక్కి వచ్చింది. సర్వేలో చెరువు హద్దులు, నీటి నిల్వ నిర్ధారణ అయినందున కేటాయింపు సిఫారసు చేయలేమని ఫైలులో కొత్త వాక్యం చేరింది. ప్రహరీ గోడవాళ్లకు ఏడో సెక్షన్ నోటీసు వెళ్లింది. మేలో ఎన్నికలు జరిగి, జూన్ 4న ఫలితాలు వచ్చి, ప్రభుత్వం మారింది. పాత నాయకుడు కనబడటం తగ్గింది. మా పని అయిపోయిందనుకున్నవాళ్లు చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు.

అక్టోబరులో మరో వర్గం మనుషులు బంద చుట్టూ టేపు పట్టి కొలవడం చూశాను. ఈసారి మాట ‘సుందరీకరణ’. నాలుగు వైపులా నడక దారి, ఓపెన్ జిమ్ము, తినుబండారాల దుకాణాలు, మధ్యలో చిన్న కొలను. బొమ్మ చాలా అందంగా ఉంది, దాన్ని చూసి ఊరంతా సంతోషించింది. నేను బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచాను. మధ్యలో మిగిలే నీళ్ల చోటు ఎకరంన్నరకు మించదు. గెడ్డ నీళ్లు లోపలికి వచ్చే దారి మీద పార్కింగు గీశారు. నీళ్లు రాని చెరువు అయిదేళ్లలో ‘స్వభావం కోల్పోయి’ మళ్లీ ఫైలెక్కుతుంది. బొమ్మ కాపీని గ్రామ పటం నకలు మీద పరిచి, రెండూ ఒకే కొలతలో గీయించి, వీధివీధికీ తీసుకెళ్లి చూపించాం. నడక దారి వద్దని మేం అనలేదు. అది గట్టు మీద రావాలి, గర్భంలో రాకూడదు, గెడ్డ నోరు తెరిచే ఉండాలి, దుకాణాలు అసలే వద్దు అన్నాం. మళ్లీ సోమవారాలు మొదలయ్యాయి. కార్యక్రమం పేరు ప్రజా సమస్యల పరిష్కార వేదిక, అంటే పీజీఆర్‌ఎస్‌గా మారింది, వరుస మాత్రం అలాగే ఉంది. ఒకసారి పల్లపు వీధి నుంచి పదిహేడు మంది ఆడవాళ్లు కూలి మానుకుని వచ్చారు. అర్జీ తీసుకున్న అధికారి వాళ్ల మాట పూర్తిగా విని, అర్జీ నంబరు వేసి, రసీదు ఇచ్చారు.

2025 వేసవి నాటికి మూడు జరిగాయి. సుందరీకరణ నక్షాను హద్దు రాళ్లకు, అలుగుకు అనుగుణంగా మార్చి గీయాలని రాతపూర్వకంగా ఆదేశించారు. నాలుగు కుటుంబాల్లో రెండింటికి ఇంటిపట్టాలు వచ్చాయి. బంద సర్వే నంబరు 22-ఎ జాబితాలో చేరింది. జాబితాలో ఆ అంకె కనబడిన రోజున, బల్ల ముందు కూర్చున్న వ్యక్తిని రెండు నిమిషాలు ఆగమని చెప్పి, ఆ పేజీ ముద్రించుకుని, పదకొండు దస్తావేజుల నకళ్లున్న ఫైలులో పెట్టుకున్నాను.

జరగనివీ ఉన్నాయి. ప్రహరీ గోడ ఇంకా అలాగే ఉంది, నోటీసు మీద వాళ్లు కోర్టుకు వెళ్లారు. మిగిలిన రెండు కుటుంబాల పట్టాలు ఆగిపోయాయి. 9 మీటర్ల హద్దు చూపించే రాళ్లు పాతలేదు. మదుము తూము నిండా మట్టి పేరుకుపోయి, వానాకాలంలో కూడా రంధ్రానికి చెవి పెడితే ఏమీ వినబడటం లేదు. తూము పూడిక తీయడానికి అంచనా వేశారో లేదో, వేస్తే ఎంతకు వేశారో తెలపాలని కిందటి నెలలో దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజుల గడువు వచ్చే గురువారంతో ముగుస్తుంది. మొదటి అప్పీలు రాసి, తేదీ వేయకుండా సంచిలో పెట్టుకున్నాను.